గొట్టం మనది, బుర్ర ఎవరిది?

కొత్తది ఏదొచ్చినా మొదటి ఆట కుప్పంలోనే పడుతుంది. 1989 నుంచి ఇక్కడి ఎమ్మెల్యే చంద్రబాబు నాయుడు కావడం అందుకు పెద్ద కారణం. 1990ల చివర్లో ఇజ్రాయెల్ సేద్యం వచ్చింది. 2002లో హ్యూలెట్-ప్యాకర్డ్ (హెచ్‌పీ) కంపెనీ ఐ-కమ్యూనిటీ వచ్చింది. 2025 జులైలో ఏరియా ఆస్పత్రిలో టాటాల డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలైంది. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసే మూల కాబట్టి ఇక్కడి ఫోన్లకు ఇంకో చిక్కు ఉండేది. పొలం గట్టు దాటితే పక్క రాష్ట్రం టవరు పట్టుకునేది, రోమింగ్ చార్జీలున్న రోజుల్లో బ్యాలెన్సు తెలియకుండానే కరిగిపోయేది. సిగ్నల్ అంటే ఏమిటో ఈ ఊళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కింది మాటలు గుడుపల్లె మండలంలో ఒక పట్టుపురుగుల షెడ్డు ముందు నడిచాయి. మామ టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరై మల్బరీ, టమాటా పెట్టుకున్నాయన. మేనకోడలు బెంగళూరులో ఇంజినీరు. యంత్రాలకు సిమ్ము పెట్టి మాట్లాడించే కంపెనీలో పని. వారాంతంలో రైలెక్కి వస్తూ ఒక తెల్ల డబ్బా తెచ్చింది.

మేనకోడలు: గోడకు ఆ థర్మామీటరు ఇంకెన్నాళ్ళు మామా? రెండు గాజు గొట్టాలు, ఒకదానికి తడి గుడ్డ. అర్ధరాత్రి లేచి టార్చి వేసి చూస్తావు. పెద్ద పురుగులకు 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉండాలి, అంతే కదా? ఈ డబ్బా తగిలిస్తే అదే చూసుకుంటుంది. అటూ ఇటూ అయితే నీ ఫోను మోగుతుంది.

మామ: గుడ్డ ఆరిపోతే నేను తడుపుతా పాపా. నీ డబ్బా ఆరిపోతే ఎవురు తడపాల?

మేనకోడలు: దానికి తడి అక్కర్లేదు. లోపల యంత్రాల సిమ్ము ఉంది. నంబరు పదమూడంకెలు. 2018 నుంచి యంత్రాలకు ఆ వరస వేరే ఇచ్చారు.

మామ: మనుషులకు పది, యంత్రాలకు పదమూడు. అంటే మనకన్నా అవే జాస్తి అవుతాయని ముందే లెక్కేసుకున్నారు.

మేనకోడలు: అవుతాయి. 5జీ ఎట్లా ఉండాలో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ రాసిపెట్టినప్పుడే చదరపు కిలోమీటరుకు పది లక్షల పరికరాలు పట్టాలంది.

మామ: పది లక్షలా! మన ఊర్లో కోళ్ళకూ గొర్రెలకూ సిమ్ములు కట్టినా అన్ని రావే.

మేనకోడలు: నవ్వు నవ్వు. మే నెలలో కుప్పం తిరుపతి గంగమ్మ జాతర నాడు నీ ఫోను ఎవరికన్నా కలిసిందా? టవరు దగ్గరుండేది ఒక్క పట్టీ తరంగాలు. దాన్నే అందరూ పంచుకోవాలి. 4జీలో ఒక పట్టీ వెడల్పు మహా అయితే 20 మెగాహెర్ట్జ్. 2022 ఆగస్టులో ముగిసిన వేలంలో లక్షన్నర కోట్ల రూపాయలు పోసి కొన్న వాటిలో 3300 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది చూడు, అందులో ఒక్కో పెద్ద కంపెనీకి 100 మెగాహెర్ట్జ్ దాకా వచ్చింది. 5జీ అంటే సినిమా తొందరగా దిగడం ఒక్కటే కాదు. జనం పోగైనా తట్టుకోవడం అసలు సంగతి.

మామ: జాతర ఏడాదికి ఒకసారి. మిగిలిన రోజుల సంగతి నన్నడుగు. రిటైరయ్యేదాకా స్తంభాలెక్కినోణ్ని నేను. టవరు దాకానే గాలి, ఆ తర్వాత అంతా తీగే. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క పన్ను తగిలించిందంటే నీ 5జీ, నా 2జీ రెండూ ఒకే గుంతలో పడతాయి. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ వచ్చింది గుర్తుందా?

మేనకోడలు: గుర్తు లేకేం? 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ వచ్చి జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్టు అన్నారు.

మామ: కరెంటు స్తంభాల మీదనే తీగ లాగినారు. ఖర్చు తగ్గింది, నిజమే. నేల తవ్వే పని తప్పింది. కానీ కరెంటు స్తంభానికి ఏ రోగమొస్తే తీగకూ అదే రోగం. గాలివానకు స్తంభం ఒరిగితే దీపమూ పోతాది, నెట్టూ పోతాది.

మేనకోడలు: అందుకే అదే నెలలో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ వాళ్ళు తీగే లేకుండా కాంతి పుంజంతో కలుపుతామని ఫైబర్‌నెట్‌తో ఒప్పందం చేసుకున్నారు. రాష్ట్రంలో 2,000 లింకులు అన్నారు.

మామ: ఆకాశంలో లేజరు. మార్గశిరంలో పొద్దున్నే ఇక్కడికొచ్చి నిలబడమను. ఎదురుగా వచ్చే మనిషి కనపడడు, ఆ కాంతి ఎవరికి కనపడతాది?

మేనకోడలు: మంచు దానికి శత్రువే, ఒప్పుకుంటా. కానీ అదే యంత్రం కాంగో నది మీద బ్రాజవిల్‌కూ కిన్షాసాకూ మధ్య పని చేసింది. నది అడుగున తీగ వేయలేక చాలా దూరం చుట్టి తెచ్చుకునే చోట అది వరం. తారా అని పేరు పెట్టి 2025లో వేరే కంపెనీగా విడదీశారు కూడా. ఒక చోట కుదరనిది పనికిరానిది కాదు మామా.

(ఈ లేజర్ల ముచ్చట ఇంకా చాలాసేపు సాగింది. వాళ్ళిద్దరికీ అది ఇష్టమైన విషయం. పాఠకుడికి అంత ఓపిక ఉండదు కాబట్టి దాటేస్తున్నాను.)

మామ: సరే, మన చోట కుదిరినదాని గురించే చెప్పు. హెచ్‌పీ వాళ్ళు వచ్చినప్పుడు నువ్వు పలకా బలపం పట్టుకున్న పిల్లవు. 2002 ఫిబ్రవరిలో మొదలు. మూడేండ్లు. ఊర్లలో సమాచార కేంద్రాలు పెట్టినారు, కంప్యూటర్లు పెట్టినారు. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, ప్రింటరు, దానికి సోలార్ పలక ఇచ్చినారు. వాళ్ళు పెళ్ళిళ్ళకూ కార్డులకూ ఫొటోలు తీసి అక్కడికక్కడే చేతిలో పెడుతుంటే జనం మూగేటోళ్ళు. రాబడి కూడా బాగా పెరిగింది, అబద్ధం చెప్పను.

మేనకోడలు: మరి నీ బాధేంటి?

మామ: 2004 మేలో ఇక్కడ ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో అక్కడ అమెరికాలో ఆ కంపెనీ పెద్దమ్మ కార్లీ ఫియోరినాను దింపేసినారు. గడువు ముగిసింది. ఇక్కడి సొసైటీకి అప్పగించి పొయ్యినారు. తప్పు పట్టను, మూడేండ్లని ముందే చెప్పినారు. కానీ మా పిల్లకాయలకు మూడేండ్లంటే ఒక బడి చదువు కూడా కాదు. ప్రయోగశాల కట్టుకునేటోళ్ళకు చాలు, బతికేటోళ్ళకు చాలదు.

మేనకోడలు: అప్పుడు నెట్టు అంటే ఒక కేంద్రం. ఆ గదికి తాళం పడితే ఊరికి నెట్టు లేదు. ఇప్పుడు ఎవరి జేబులో వాళ్ళకుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా రేటు పడిపోయింది. కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ స్టిక్కరు ఉంది. దాన్ని ఏ ప్రాజెక్టూ తెచ్చి పెట్టలేదు, ఏ గడువుకూ తీసుకుపోరు. నీకింకో మాట చెప్తా, నువ్వే చెప్పాల్సింది. ఇజ్రాయెల్ సేద్యం ఏమైంది?

మామ: వచ్చినారు, చూపించినారు, పొయ్యినారు. ఎంత ఖర్చయిందో ఎంత రాలేదో అని పెద్ద రగడే జరిగింది.

మేనకోడలు: పోయారు. డ్రిప్పు పోయిందా?

మామ: ...

మేనకోడలు: నీ టమాటాకు ఏముంది? డ్రిప్పు. మల్బరీకి? డ్రిప్పు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా ఇక్కడిదాకా సన్న నల్ల గొట్టం లేని టమాటా తోట చూపించు. వెయ్యి అడుగులు తవ్వినా పొడి దుమ్ము తప్ప రాని బోర్ల దేశంలో ఇంత పంట నిలబడిందంటే ఆ గొట్టం వల్లనే. ప్రాజెక్టు పోయినా వస్తువు ఉంటుంది మామా. నువ్వు చెప్పే కథలో ఆ సగం ఎప్పుడూ చెప్పవు.

(ఇక్కడ ఆయన లేచి వెళ్ళి పురుగుల మీద ఆకు పరిచి వచ్చాడు. నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) దాటిన పురుగులు, వాన చినుకుల్లాంటి చప్పుడు చేస్తూ తింటున్నాయి. ఆమె గెలిచిందనే నాకూ అనిపించింది. ఆయన తిరిగొచ్చి కూర్చున్నాక అట్లా అనిపించలేదు.)

మామ: డ్రిప్పు ఎందుకుంది, కెమెరా ఎందుకు లేదు? ఆలోచించినా. గొట్టం నాది. పగిలితే కుప్పం బజారులో జాయింటు దొరుకుతాది, పట్టేసి కడితే మళ్ళా పారుతాది. దాని కంపెనీ మూతపడినా నా గొట్టానికి తెలీదు. ప్రింటరు అట్ల కాదు, దానికి ఇంకు వాళ్ళదే పొయ్యాల. నీ డబ్బా ఏ జాతి? గొట్టం జాతా, ప్రింటరు జాతా?

మేనకోడలు: డబ్బా నీదే. డబ్బులిచ్చి కొంటావు.

మామ: వేడి ఎంతని దాన్నడిగితే దానికదే చెప్తాదా?

మేనకోడలు: సర్వరుకు చెప్తుంది. సర్వరు నీ ఫోనుకు చెప్తుంది.

మామ: గోడ మీదుండే డబ్బా, గోడ ముందుండే నేను. మధ్యలో ముంబయికో సింగపూరుకో పోయి రావాల మాట. వాళ్ళు ఆ కొట్టు కట్టేస్తే?

మేనకోడలు: ఎందుకు కట్టేస్తారు?

మామ: హెచ్‌పీని అడుగు. సరే, అంత దూరం వద్దు, రా. బోరు దగ్గరికి రా.

బోరు పక్కన రేకు గూడు. లోపల స్టార్టరు పెట్టె, దాని పక్కన అరచేయంత మొబైల్ స్టార్టరు. యాంటెన్నా తీగను పైకి లాగి వేపకొమ్మకు గుడ్డపేలికతో కట్టాడాయన, అక్కడైతేనే రెండు గీతలు వస్తాయని. జేబులోంచి మీటల ఫోను తీసి మిస్డ్ కాల్ ఇచ్చాడు. లోపల టక్కుమంది, మోటారు గుర్రుమంది. వెంటనే ఫోను మోగింది: మోటారు ఆన్ అయిందని తెలుగులో ఒక ఆడగొంతు.

మామ: రైతుకు కరెంటు రాత్రిపూట ఇచ్చే కాలంలో చీకట్లో పాముల మధ్య వచ్చి మీట నొక్కేటోళ్ళం. ఇది పెట్టినాక పాయె ఆ బాధ. ఫేజు పోతే చెప్తాది, నీళ్ళు లేక మోటారు ఉత్తగా తిరిగితే ఆపేస్తాది. నువ్వు చెప్పే 'కనెక్టెడ్ డివైస్' ఇదే గదా? మా జిల్లాలో రైతులు దీన్ని ఎప్పుడో పెట్టుకున్నారు. ఏ మంత్రీ రిబ్బను కట్ చెయ్యలేదు.

మేనకోడలు: అదే నేనూ అంటున్నా! నీకు ఇది మంచిదైతే నా డబ్బా చెడ్డదెట్లా?

మామ: దీనిలో ఏ జీ?

మేనకోడలు: ...2జీ.

మామ: దాన్ని మూసెయ్యమని అడుగుతాండేది ఎవురు?

మేనకోడలు: జియో అడిగింది. 2024 మొదట్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు రాసిచ్చింది, 2జీ, 3జీ రెండూ ఆపడానికి ప్రభుత్వం దారి చూపాలని. జియోకు మొదట్నుంచీ 2జీ లేనే లేదు, కాబట్టి వాళ్ళకు నష్టమూ లేదు. ఎయిర్‌టెల్ 3జీ తీసేసింది కానీ 2జీ ఉంచింది. ఇప్పటికిప్పుడు భయం లేదు మామా. కోట్ల మంది చేతుల్లో ఇంకా మీటల ఫోన్లున్నాయి, వాళ్ళను వదులుకోరు.

మామ: మనుషుల కోసం ఉంచుతారు. మనుషులు ఫోను మార్చుకున్న రోజు తీసేస్తారు. నా మోటారు ఓటు వెయ్యదు, రీచార్జి కూడా పెద్దగా చెయ్యదు.

మేనకోడలు: (కొంచెం తగ్గి) అది జరిగిన కథే. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల్లో, బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో స్టాపులో చూపించే పరికరాలు ఉండేవి. అవి ఏటీ అండ్ టీ 2జీ మీద నడిచేవి. 2017 జనవరిలో ఆ కంపెనీ 2జీ ఆపేసింది. బస్సులు తిరుగుతూనే ఉన్నాయి, బోర్డుల మీద మాత్రం చాలా బస్సులు మాయమయ్యాయి. ముందే చెప్పారు, అయినా మార్చుకోవడం పూర్తి కాలేదు.

మామ: శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పూర్తి కాలేదా! ఇంక గుడుపల్లె గురించి నేనేం చెప్పాల?

(నా మొగ్గు దాచలేను. ఈ వాదంలో బలమైన మాట ఇదే. తరం మారడం ఫోనుకు పండగ. గోడకు, స్తంభానికి, బోరుకు బిగించిన వస్తువుకు అదే తద్దినం. ఫోను మూడేళ్ళకు మారుతుంది. స్టార్టరు పదిహేనేళ్ళు ఉండాలని రైతు కొంటాడు. ఈ రెండు ఆయుష్షుల లెక్క ఎక్కడా కలవడం లేదు, కలపాల్సిన బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. ఆమెకూ ఇది తెలుసు. కానీ ఆమె ఊరుకునే రకం కాదు.)

మేనకోడలు: నువ్వు చెప్పేదాన్ని చివరిదాకా లాగితే మనకు కొత్తదేమీ వద్దని వస్తుంది. అట్లా అయితే ఏనుగుల సంగతి? కౌండిన్య అభయారణ్యం 1990లో పెట్టారు. ఏనుగులు అంతకుముందే హోసూరు అడవుల నుంచి వచ్చాయి. రామకుప్పం వైపు మంద దిగిందంటే వరి పోతుంది, అరటి పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. కరెంటు తీగలకు ఏనుగులూ చస్తున్నాయి. ననియాల శిబిరంలో ఒకటో రెండో కుంకీలను, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులను, పెట్టుకుని ఎన్ని మందలను తోలతారు? కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో రైలు పట్టాల పక్కన 2024 నుంచి వేడిని పసిగట్టే కెమెరాలు పెట్టారు. ఏనుగు పట్టాల దగ్గరికొస్తే కంప్యూటరే గుర్తుపట్టి రైలువాళ్ళకు చెప్తుంది. చీకట్లో ఆ బొమ్మ పోవాలంటే నీ వేపకొమ్మ రెండు గీతలు సరిపోవు.

మామ: దానికి నేను కాదనను. ఆ పని చెయ్యనీ. కానీ అదే తమిళనాడులో వాల్పారైలో ఏం చేసినారు? నువ్వే ఒకసారి చెప్పినావు.

మేనకోడలు: (నవ్వి) నా కత్తితోనే నన్ను పొడువు. టీ తోటల్లో దారి మలుపుల దగ్గర స్తంభాలకు ఎర్ర లైట్లు పెట్టారు. ఏనుగు దగ్గర్లో ఉందని చూసినవాళ్ళు ఆ నంబరుకు ఫోను చేస్తే లైటు వెలుగుతుంది. ఊళ్ళోవాళ్ళ ఫోన్లకు తమిళంలో మెసేజీ పోతుంది. మైసూరు సంస్థ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పని అది.

మామ: ఎవురు వెలిగిస్తారు ఆ లైటు?

మేనకోడలు: ఊరివాళ్ళే.

మామ: అదీ. స్టార్టరు నా మాట వింటాది. ఆ లైటు ఆ ఊరోళ్ళ మాట వింటాది. మోటార్లకు మీటర్లు పెడతామని 2020లో జీవో తెచ్చినారే, శ్రీకాకుళంలో మొదలుపెట్టి. రైతులు ఎందుకు తిరగబడినారు? మీటరు కూడా సిమ్ము ఉన్న డబ్బానే. కానీ అది మాట్లాడేది నాతో కాదు, నా గురించి ఇంకొకరితో. నా పొలంలో నిలబడి నా మీద చాడీలు చెప్పే డబ్బా అది.

మేనకోడలు: ఎన్ని యూనిట్లు పోతున్నాయో తెలియకపోతే ఉచిత కరెంటుకు ఎంత ఇవ్వాలో ప్రభుత్వానికి ఎట్లా తెలుస్తుంది?

మామ: ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొలుచుకోమను. ఉపాధి పనిలో చూడు. 2023 జనవరి నుంచి ఫొటో తీసి యాప్‌లో పెడితేనే హాజరు అన్నారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఎవురి కూలి పోతాది? యాప్ చేసినోడిదా, గంప మోసినామెదా? నెట్టు తప్పుకు ఎప్పుడూ శిక్ష చివర్లో ఉండేటోళ్ళకే పడతాది.

మేనకోడలు: ఆ చివర్లో ఉండేవాళ్ళకు మంచి నెట్టు ఇవ్వాలనే కదా నేనూ అనేది! 2025 సెప్టెంబరులో బీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో తయారైన యంత్రాలతో 4జీ మొదలుపెట్టింది. నీ పాత శాఖే. సంతోషించవా?

మామ: సంతోషమే. నా రిటైర్మెంటుకు ముందు రావాల్సింది.

మేనకోడలు: 5జీలో మూడు రకాల పట్టీలున్నాయి. 26 గిగాహెర్ట్జ్‌ది ఈ మల్బరీ ఆకు అడ్డమొచ్చినా నీరసపడుతుంది, అది స్టేడియాలకు. కానీ 700 మెగాహెర్ట్జ్ పల్లెలకే పుట్టింది, గోడలు దాటి దూరం పోతుంది. మంచిది పల్లెకు రాకముందే వద్దంటే, పట్నంవాళ్ళు అదే మాట పట్టుకుని ఇక్కడ టవరు పెట్టడం మానేస్తారు. నీ అనుమానం వాళ్ళకు లాభం మామా, అది ఆలోచించు. మదనపల్లె మండీలో 2023 జులైలో టమాటా కిలో రెండు వందల దగ్గరికి పోయినప్పుడు ఆ రేటు ఫోనులో చూసి తోట ఆపుకున్నది ఎవరు?

మామ: చూసినోళ్ళంతా ఆపుకున్నారు, చూసినోళ్ళంతా మళ్ళా నాటినారు, సెప్టెంబరుకంతా అందరి క్రేట్లూ ఒక్కసారే మండీకి వచ్చినాయి. రేటు తెలిసింది, రేటు నిలవలేదు. దాన్ని ఏ జీ కూడా ఆపదు. వదిలెయ్, టమాటా మాటెత్తితే నాకు బీపీ వస్తాది.

ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగారు. ఆమె తెల్ల డబ్బా మూత విప్పింది. పచ్చని పలక, దాని మీద గోరంత సెన్సరు, సిమ్ము గూడు. మామ కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. స్తంభాలెక్కిన చేతులు, తీగ ఎటు పోతోందో వేలితో వెతుకుతున్నాయి.

మామ: ఇదేం గుంత? ఖాళీగా పెట్టినారు.

మేనకోడలు: చిన్న తెర పెట్టుకోవచ్చు. వేడి, తేమ అక్కడే అంకెల్లో కనిపిస్తుంది. ఖర్చు తగ్గించడానికి మావాళ్ళు తీసేశారు.

మామ: దాన్ని పెట్టండి. నెట్టు పోయినా నేను చూసుకుంటా. ఇంకోటి. సర్వరు లేకుండా ఇదే నేరుగా నా ఫోనుకు మెసేజీ కొట్టదా? స్టార్టరు కొట్టినట్ల?

మేనకోడలు: కొడుతుంది. ప్రోగ్రాములో నాలుగు వరసలు మారిస్తే చాలు. ఊరంతా కలిసి పెట్టుకుంటే సిమ్ము కూడా అక్కర్లేదు. 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు లేకుండా వాడుకునే పట్టీ ఉంది. లోరా అంటారు. ఒక్క యాంటెన్నా ఎత్తున పెడితే కొన్ని కిలోమీటర్ల షెడ్లన్నీ దానికే చెప్తాయి.

మామ: అదెవురిది?

మేనకోడలు: పెట్టుకున్నవాళ్ళది.

మామ: మరి ఇదంతా వదిలిపెట్టి నా దగ్గరికి సర్వరు డబ్బా ఎందుకు తెచ్చినావు?

మేనకోడలు: మా కంపెనీకి డబ్బా మీద లాభం లేదు మామా. నెలనెలా చందా మీద ఉంది. సర్వరు లేకపోతే చందా లేదు.

మామ: ఆ మాట రాగానే చెప్పింటే ఇంత పొద్దు పోయేది కాదు గదా.

మేనకోడలు: సోమవారం మా మేనేజరును అడుగుతా. తెర ఉండాలి, సర్వరు లేకపోయినా పనిచేయాలి, 2జీ 4జీ రెండూ పట్టాలి, పదేళ్ళు విడిభాగాలు దొరకాలి అని. ఏమంటాడో నాకు ఇప్పుడే తెలుసు. ఎంతమంది కొంటారు అంటాడు.

మామ: గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం, కుప్పం, నాలుగు మండలాల్లో పట్టు షెడ్లు ఎన్నుండాయో సెరికల్చర్ ఆపీసులో లెక్క ఉంటాది. రేపు ఆదివారం, ఆపీసు ఉండదు. సోమవారం పొద్దున నేను పోయి కాగితం తెచ్చి నీకు వాట్సాప్‌లో పెడతా.

మేనకోడలు: మీటల ఫోనులో వాట్సాప్ ఎట్లా పెడతావు?

మామ: మీ అత్త ఫోనుంది లే. నువ్వు ముందు ఆ నాలుగు వరసలు మార్చి చూపించు.